సైదా ఎక్కని బండి

చోటే మియా పికప్‌లో ఎడమ పక్క సీటు ఖాళీ. వెనక డబ్బాలో షామీర్‌పేట తోటల పాలకూర, మెంతి, కొత్తిమీర కట్టలు, ఉల్లిగడ్డ మూటలు ఎక్కుతాయి. వాటి మీద హమాలీలు ఎక్కుతారు. హమాలీల మధ్య, కొత్తిమీర మూటకు ఆనుకుని, ఆకుకూరల సుక్కమ్మ కూర్చుంటుంది. ముందు సీటు మీద మాత్రం ఈగ వాలినా చోటే మియా తువ్వాలుతో కొడతాడు.

“ఎవలి కోసంరా దాన్ని గట్ల దాపెడ్తవ్?” అని సుక్కమ్మ అడుగుతుంది, సంగతి తెలిసి కూడా.

“సైదా కోసం అవ్వా. ఇయ్యాల గాకపోతె రేపు ఎక్కుతది.”

సైదా ఆయన భార్య. మేడ్చల్‌లో మా ఎదురిల్లే వాళ్లది. ఇంట్లో దక్కనీ ఉర్దూలో మొదలైన వాళ్ల మాట వాకిట్లోకి వచ్చేసరికి తెలుగవుతుంది. అందువల్ల గొడవల్లో రెండో సగం మా అందరికీ అర్థమవుతుంది.

చోటే మియాకు ఉన్న కోరిక పెద్దదేం కాదు. భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక సాయంత్రం షామీర్‌పేట చెరువు కట్టకు పోవాలి. కార్లున్నవాళ్లు పోతారు చూడండి, అద్దాలు దించుకుని, ఏమీ మాట్లాడకుండా, అలా. తెల్లవారుజామున పొగమంచులో తోటల దారి పట్టి వెళ్తుంటే ఆయనకు ఆ సీటు ఖాళీగా కనిపించదట. “అగో సైదా, నెమలి” అని చూపిస్తాడు. “ఈ తోట పోయిన యేడు మొత్తం మల్లెలుండె, ఇప్పుడు విల్లాల బోర్డు పెట్టిండ్రు” అని చెప్తాడు. ఎండు మట్టి మీద నీళ్లు పారిన వాసన వస్తే ఒక్క క్షణం బండి ఆపి, ఆమె కూడా పీల్చుకునే దాకా ఆగుతాడు. ఆ టైములో ఆమె ఇక్కడ మా వీధిలో పాల పాకెట్ల అబ్బాయితో కొట్లాడుతూ ఉంటుంది.

ఇంతకీ ఆమె ఎందుకు ఎక్కదో వీధంతటికీ తెలుసు, ఆయనకు తప్ప.

బండి కొన్న రోజు హమాలీలు చూడటానికి వచ్చారు. కోవా పంచాడు. సైదా కొత్త బురఖా వేసుకుని, చెరువు కట్టకు పోదామని బయటికొచ్చింది. ఆమె పొట్టి మనిషి, బండి పొడుగు బండి. ఒక కాలు లోపల పెట్టింది. రెండోది నేల వదలనంది. చేత్తో పట్టుకోవడానికి ఏమీ లేదు. చోటే మియా పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మూటలు ఎక్కించిన మనిషి. అలవాటుగా కిందికి వంగి, భుజం ఆనించి, గొంతెత్తి “ఐలేసా!” అన్నాడు. చుట్టూ ఉన్న హమాలీలు కూడా అలవాటుగానే, కోవా నమిలే నోళ్లతో, “హైసా!” అని అందుకున్నారు.

వీధి ఘొల్లుమంది. సైదా మెల్లగా కాలు దించింది. “పాలు పొయ్యి మీద పెట్టి మర్చిన” అని లోపలికి వెళ్లిపోయింది. ఆ పాలు ఇప్పటికీ కాగుతూనే ఉన్నాయి.

చోటే మియాకు ఆ “ఐలేసా” గుర్తే లేదు. దగ్గినట్టు, తుమ్మినట్టు అది ఆయన ఒంట్లోంచి వచ్చే శబ్దం. అందుకని ఎందుకు రానంటున్నావని భార్యనే అడిగాడు. ఆమెకు అసలు కారణం నోటితో చెప్పుకునేది కాదు. “ఛీ, ఉల్లిగడ్డ వాసన జీ” అంది.

అంతే, మనిషి పనిలో పడ్డాడు. ముందు గాలి వచ్చే జాలీల వెనక అత్తరు దూదులు పెట్టాడు. ఉల్లిగడ్డ పోలేదు, అత్తరు ఆగలేదు. రెండూ నిఖా చేసుకుని మూడో వాసనను కన్నాయి. హమాలీలు ముక్కులు మూసుకుంటే సబ్బు నీళ్లతో మూడు శుక్రవారాలు కడిగాడు.

“వాసన పోయింది సైదా. ఇగ రా.”

“ఎండకు లోపల తందూరీ లెక్క ఉంటదేమో జీ.”

పైకప్పుకు లోపలి నుంచి థర్మాకోల్ అంటించి, దాని మీద ఎర్ర వెల్వెట్ గుడ్డ పరిచి, పరుపుకు కుట్టినట్టు గుండీలు కుట్టాడు. పాత కంప్యూటర్‌లోంచి తీసిన చిన్న ఫ్యాను సీటుకు ఎదురుగా బిగించాడు. బండి కదిలితే థర్మాకోల్ కిర్రు కిర్రుమని ఎలుకల సంత లాగా ఉండేది. మధ్యలో దూది కూరి నోరు మూయించాడు.

“అందరు తొంగి సూస్తరు జీ.”

కిటికీకి రింగులతో కర్టెను వచ్చింది. కర్టెను వేస్తే పక్క అద్దం కనపడదు, కనుక అద్దానికి మూరెడు పొడుగు చువ్వ కట్టాడు. సుచిత్ర చౌరస్తా దగ్గర అది ఒక బైకు మనిషి హెల్మెట్‌కు తగిలింది. అతను తిట్టిన తిట్లు నేను రాయను.

“కుదుపులకు నా నడుము పోతది” అంది చివరికి. ఈ మాట ఆమె ఎందుకు అందో గాని, పెద్ద దెబ్బ కొట్టింది. గుంతలు తెలియకూడదని చోటే మియా ఇంకా పెద్ద టైర్లు వేయించాడు. బండి జానెడు లేచింది. ఇప్పుడు సైదా దాని పక్కన నిలబడితే తలుపు పిడి ఆమె ముక్కుకు ఎదురుగా వచ్చేది.

ఆ రోజు ఆమె గుమ్మంలోంచి బండిని కింది నుంచి మీదికి చూసింది. “మాషాల్లా. ఇంకొంచెం లేపుండ్రి, విమానం అయితది” అని తలుపేసుకుంది.

చోటే మియా నా దగ్గరికి వచ్చి కూలబడ్డాడు. “సీటు జేసిన, చల్లగ జేసిన, పర్దా జేసిన. ఇంకేం తక్కువుందన్నా?”

నేను టీ చల్లారబెట్టుకున్నాను. అలాంటప్పుడు టీ చాలా వేడిగా ఉంటుంది.

ఇదంతా చూసి చూసి విసిగింది సుక్కమ్మ. బండి కొన్న రోజు ఆమె కూడా అక్కడే ఉంది. సైదా విమానం మాట అన్న మర్నాడే తోట దగ్గర, మోకాళ్లు పట్టుకుని, లేని మూలుగు ఒకటి తెచ్చుకుంది.

“ఓ చోటే! నా మోకాళ్లు ఇగ నడుస్తలేవురా. ఓ మెట్టు ఏపియ్యరాదు?”

“ఏపిస్త అవ్వా, ఎనక తలుపుకు...”

“ఎనకెందుకు? ముందట ఏపియ్. ఎడమ దిక్కు. ఇగ నేను ముందటనే గూసుంట.”

చోటే మియా తెల్లబోయాడు. “అది సైదా సీటు అవ్వా.”

“గా సైదా ఎక్కేదాంక గూసుంట. ముసల్దాన్ని, నేను గూసుంటె సీటు అరిగిపోతదా?”

పెద్దామె మాట తీసేయలేకపోయాడు. పాత ఇనుప పైపు తెచ్చి తనే కోశాడు, వంచాడు. అతుకు పెట్టించడానికి గండిమైసమ్మ చౌరస్తాలో వెల్డింగ్ రమేష్ దగ్గరికి పోతే సుక్కమ్మ కూడా వెంట పోయింది.

“అవ్వా, ఇంత ఎత్తు సాలునా?” అని రమేష్ అడిగాడు.

“ఇంక కిందికి. ఇంక. చిన్న పోరి కూడ అలవోకగ ఎక్కాలె.”

“నువ్వు చిన్న పోరివా?”

“నీ పని నువ్వు జూడు బిడ్డా. పట్టుకునేటందుకు ఓ రాడ్డు గూడ పెట్టు.”

మెట్టు మీద జారకుండా రబ్బరు చాప చుట్టాడు చోటే మియా. రాడ్డు అంచులు గుచ్చుకోకుండా ఆకురాయితో నున్నగా రుద్దాడు. చేసిన పనులన్నిటిలోకీ అదే తక్కువ పని.

మర్నాడు పొద్దున తువ్వాలుతో సీటు తుడిచి, తలుపు తెరిచి, “రా అవ్వా” అన్నాడు. సుక్కమ్మ ఆ తలుపు దాటుకుని వెనక్కి నడిచి, వెనక టైరు మీద కాలేసి, మేకపిల్లలాగా ఎగిరి మెంతి కట్టల మీద కూర్చుంది.

“ఏంది అవ్వా! మోకాళ్లు?”

“మంచిగైనయ్.”

“మరి మెట్టు?”

సుక్కమ్మ కొంగు బిగించుకుని చెప్పేసింది. ఆ రోజు ఆయన భుజం ఎలా ఆనించాడో, ఏమని అరిచాడో, హమాలీలు ఏమని అందుకున్నారో. “ఆలిని మూట లెక్క ఎక్కిస్తరార? మనిషన్నంక ఇజ్జతుండదా? నీ అత్తర్లు, ఫ్యాన్లు ఎవనిక్కావాలె?”

ఆ మధ్యాహ్నం ఆయన మా ఇంటికి వచ్చాడు, చెప్పులు విప్పడం మరిచిపోయి.

“అన్నా, నేను ఐలేసా అన్ననా?”

“అన్నవ్ చోటే.”

“గింత మందిల ఒక్కలు జెప్పలే!”

“ఎట్ల జెప్తరు?”

కాళ్లకున్న చెప్పులతోనే లేచి ఇంటికి పోయాడు. వెళ్లాక సైదాను ఏమీ అడగలేదు. క్షమించమనలేదు, మెట్టు చూడమనలేదు. అడగడమే మానేశాడు. బండిని మాత్రం, ఎడమ తలుపు వాళ్ల వాకిలి వైపు ఉండేట్టు తిప్పి పెట్టడం మొదలుపెట్టాడు.

ఒక మిట్టమధ్యాహ్నం, వీధంతా అన్నం తిని పడుకున్న వేళ, కిటికీలోంచి నాకు సైదా కనిపించింది. అటు చూసింది, ఇటు చూసింది. తలుపు తెరిచింది. రాడ్డు పట్టుకుంది, మెట్టెక్కింది, కూర్చుంది. దిగింది. మళ్లీ ఎక్కింది. ఈసారి కొంగు ఎక్కడ పట్టుకోవాలో, ఏ కాలు ముందు పెట్టాలో సరి చూసుకుంది. నేను కిటికీ పరదా మెల్లగా దించేశాను.

ఆదివారం సాయంత్రం ఆమె బురఖాతో బయటికొచ్చి, “కట్టకు పోదామన్నరు గద, ఇంకెప్పుడు?” అంది. ఏదో ఆయనే ఆలస్యం చేస్తున్నట్టు. ఎదురు చూడకుండా వెళ్లి, తన ఇంటి గడప ఎక్కినట్టు ఎక్కి కూర్చుంది. చోటే మియా స్టీరింగు పట్టుకుని బండి స్టార్ట్ చేయడం మరిచిపోయాడు.

చెరువు సంగతి ఆయన చెప్పిందే రాస్తున్నాను. నీళ్లు చాలా దూరం దాకా ఉన్నాయట, అవతలి గట్టు ఉందో లేదో తెలియనట్టు. ఆకాశం రంగు నీళ్లలోకి దిగి, నీళ్ల రంగు గాలిలోకి లేచి, కట్ట మీద నిలబడితే మనిషి తేలుతున్నట్టు ఉందట. ఇద్దరూ కాల్చిన మక్క కంకులు తిన్నారు. నెమలి గురించి చెప్పాలని తోటల దారిలో ఎన్నాళ్లుగానో దాచుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదట. “ఇక్కడ గాలి మస్తుంది” అని ఆమె అంటే, “మస్తుంది” అన్నాడట.

తిరుగు ప్రయాణానికి బండి దగ్గరికి వచ్చేసరికి చుట్టూ జనం చేరారు. ఐస్‌క్రీం బండి, కుర్రకారు, ఫొటోలు. సైదా మెట్టు ముందు ఆగింది. చోటే మియా చేయి సాచబోయి, జేబులో పెట్టుకున్నాడు.

“మీరు అటు దిక్కు సూడుండ్రి” అంది ఆమె.

ఆయన చెరువు వైపు తిరిగాడు. ఒక తెల్ల కొంగ నీళ్లకు ఆనీ ఆనకుండా వెళ్తోంది. వెనక గాజులు రాడ్డుకు తగిలిన చప్పుడైంది. రబ్బరు మీద చెప్పు పడింది. తలుపు మూసుకుంది. అయినా తల తిప్పలేదు. ఆమె ఇంకా పిలవలేదు కదా అని, కొంగ కనపడకుండా పోయాక కూడా, ఆ నీళ్లనే చూస్తూ నిలబడ్డాడు.