లిలువా లెన్స్ మీద అనుమానం

2023 వానాకాలం. కలకత్తా ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో, మా తాత డాక్ కూలీగా వచ్చి దిగిన వీధిలోనే నా కెమెరా రిపేరు కొట్టు. ఫిల్ము కెమెరాల కాలం చెల్లిందని లోకం అనుకుంటుంది గానీ, కలకత్తాలో వాటి పిచ్చివాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళకో వాట్సాప్ గ్రూపు ఉంది. ఆదివారం పొద్దున్నే తాము తీసిన ఫొటోలు పెడతారు. షట్టర్ బిగుసుకుపోయిందనీ, ఫిల్ములోకి వెలుతురు దూరుతోందనీ మొరపెట్టుకుంటారు. సలహాలు చెప్పేవాళ్ళలో నేనొకణ్ణి. నా కొట్టుకు పనంతా ఆ గ్రూపులోంచే వస్తుంది. అక్కడ పేరు పోతే కొట్టుకు తాళం వేసుకోవాల్సిందే.

నాకు అనుమానం ఎక్కువ. గొప్పగా చెప్పుకునే గుణం కాదు, కానీ ఈ పనిలో అది లేకపోతే బతకలేం. పగిలిన గాజు పట్టుకొచ్చి, మర్నాడు "నువ్వే పగలగొట్టావు" అన్నవాళ్ళని చూశాను. అందుకే కెమెరా ఎవరు తెచ్చినా ముందు వాళ్ళ ఎదుటే నాలుగు వైపులా ఫొటో తీసి పెట్టుకుంటాను.

అలా ఫొటో తీస్తుంటే గ్రేస్ అనే అమ్మాయి అదోలా చూసింది. హౌరా అవతలున్న లిలువా నుంచి వచ్చింది, మాలాగే ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళు. వాళ్ళ నాన్న శామ్యూల్ గారు అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి పోయారట.

"నాన్నది దాదా, ఇది. దీంతో మా అమ్మ ఫొటో ఒకటి తియ్యాల. లోపల ఏటో తెల్లగా పాకీసింది" అంది. ఇక్కడ అన్నని దాదా అనే పిలుస్తారు.

అది ఎస్ఎల్ఆర్, అంటే లెన్స్‌లోంచే చూసి ఫోకస్ చేసుకునే కెమెరా. తెల్లగా పాకింది ఫంగస్. కలకత్తా చెమ్మకి లెన్స్ గాజు మీద పట్టే బూజు. విప్పితే ఇంకోటి కూడా కనిపించింది. గాజుని పట్టి ఉంచే రింగు మీద గీతలున్నాయి, ముందు గాజు తిరగేసి బిగించి ఉంది. ఎవరో చేతకానివాడి పని అని తిట్టుకుని, బూజు తుడిచి, గాజుని సరైన వైపుకి తిప్పి బిగించాను. ఆ సంగతి గ్రేస్‌కి చెప్పలేదు. లేని తప్పు చూపించి డబ్బు గుంజుతున్నానని అనుకుంటుందేమోనని నా అనుమానం.

కొద్దిరోజులకి గ్రూపులో ఆమె ఒక ఫొటో పెట్టింది. కిటికీ దగ్గర కూర్చున్న వాళ్ళమ్మ, వెనక కిటికీ గడియ, గోడ మీద క్యాలెండరు, అన్నీ అంచుదాకా గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి. వంక పెట్టడానికేమీ లేదు. ఆమె ఫిర్యాదు కూడా అదే. "ఇది మా నాన్న లెన్స్ కాదు. రిపేరుకి ఇచ్చాక మారిపోయింది" అని కింద రాసింది. నా పేరు రాయలేదు, రాయక్కర్లేదు కూడా.

నేను వెంటనే నా దగ్గరున్న ఫొటో పెట్టాను. లెన్స్ మీది నెంబరు అదే, చూసుకోండి అన్నాను. గ్రూపులో పెద్దమనిషి ఘోష్ దా తాపీగా జవాబిచ్చాడు. "నెంబరున్న రింగు ఉంచేసి లోపలి గాజులు మార్చెయ్యొచ్చని నువ్వే కదా మాకు చెప్పావు!"

నిజమే, నేనే చెప్పాను. జాగ్రత్తగా ఉండండని నేర్పిన విద్య నా మెడకే చుట్టుకుంది. సాయంత్రానికల్లా ఇద్దరు ఫోన్ చేశారు. పని అవ్వకపోయినా పర్లేదు, కెమెరాలు పట్టుకెళ్ళిపోతామన్నారు. ఒళ్ళు మండిపోయింది. ఇంకా వాదిస్తే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుందని నోరు మూసుకున్నాను. ఈ అమ్మాయి వెనక ఇంకో రిపేరువాడు ఎవడో ఉన్నాడని మాత్రం గట్టిగా అనుకున్నాను.

చివరికి నేనే గ్రేస్‌కి ఫోన్ చేశాను. "ఏటమ్మా, నాను దొంగనేటి? మీ నాన్న తీసిన పాత ఫొటో ఒకటి పెట్టు, చూద్దాం."

పెట్టింది. గౌను వేసుకుని చర్చి తోటలో నిలబడ్డ చిన్నప్పటి గ్రేస్. మొహం స్పష్టంగా ఉంది. చుట్టూ ఆకులన్నీ నీటి సుడిలో పడ్డట్టు గుండ్రంగా తిరుగుతున్నాయి. చూడగానే అర్థమైంది. గాజు తిరగబడితే పడే బొమ్మ అది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. నేనూ దొంగతనం చెయ్యలేదు. కానీ నోటితో చెబితే ఎవరు నమ్ముతారు?

ఆదివారం ప్రార్థన అయ్యాక లిలువాలో వాళ్ళింటికెళ్ళాను. గ్రేస్ తన ఫోన్‌లో వీడియో పెట్టి బల్ల మీద నిలబెట్టింది. ఎందుకైనా మంచిదని నేనూ నా ఫోన్ పెట్టాను. ఆ రెండు ఫోన్ల కాపలాలో ముందు గాజు తీసి, తిరగేసి, రింగు వదులుగా బిగించి ఆమె చేతికిచ్చాను.

కిటికీ దగ్గరున్న తల్లి రూతమ్మ గారి వైపు పెట్టి చూసింది. ఫోకస్ రింగు అటూ ఇటూ తిప్పింది. "ఇదే" అంది. అంతలోనే అనుమానంగా నా వైపు తిరిగింది. "మరి దీన్ని తిరగేసిందెవరు?"

"ఎవడో పని రానోడు" అన్నాను.

రూతమ్మ గారు నవ్వేశారు. "ఆ పని రానోడు మీ నాన్నేనే. నువ్వు నా కడుపులో ఉన్నప్పుడు, బూజట్టిందని వంటింట్లో కూకోని ఇప్పీసినారు. మళ్ళీ బిగించినాక దూరంగా ఉన్నయ్యేవీ సరిగ్గా అగుపడ్డం మానీసినాయి. బాగు సేయించండంటే, ఫిట్టరై ఉండి నానే పాడు సేసినానని ఇంకోడికి సెప్పుకోవాలేటి అన్నారు. అంతకుముందు గంగ, బ్రిడ్జీ, రైలింజన్లూ, అయ్యే తీసీవోరు బాబూ. ఆ తర్వాత దగ్గరున్నోళ్ళే బాగా పడతన్నారని మమ్మల్నే తీసినారు."

గ్రేస్ బల్ల మీది ఫోన్ తీసి వీడియో ఆపేసింది. కళ్ళు తుడుచుకుంది. "దాదా, అలగే ఉంచీండి" అంది.

తెలిసి తెలిసి గాజుని తప్పు వైపు పెట్టి బిగించడం నేనెన్నడూ చెయ్యలేదు. ఆ రోజు రింగు చివరిసారి బిగించడానికి నా చెయ్యి రాలేదు, నిజం చెబుతున్నాను. అయినా బిగించాను.

జరిగిందంతా గ్రేసే గ్రూపులో రాసింది. వెళ్ళిపోయిన కెమెరాలు తిరిగొచ్చాయి. ఇప్పుడు ఎవరు కెమెరా తెచ్చినా, దాంతో తీసిన పాత ఫొటో కూడా ఒకటి తెమ్మంటాను. నా అనుమానం బుద్ధి పోలేదు. లెన్స్‌లో తప్పు కనిపిస్తే, అది నిజంగా తప్పేనా అని ఇప్పుడు దాన్ని కూడా అనుమానిస్తాను.

తర్వాత ఆమె రూతమ్మ గారి ఫొటో ఇంకోటి పెట్టింది. నవ్వుతున్న మొహం, చుట్టూ సుడి తిరుగుతున్న కిటికీ. గ్రూపులో కొత్తగా చేరినతను వెంటనే సలహా ఇచ్చాడు. "మీ లెన్స్‌లో ముందు గాజు తిరగబడింది. మంచి మెకానిక్‌కి చూపించండి."

గ్రేస్ జవాబు రాసింది. "చూపించాను. ఆయనే ఇలా బిగించారు."