ఎర్రగీత

అవనిగడ్డ పక్క ఊళ్లోని చిన్న క్రైస్తవ సంఘంలో హన్నా ఇరవై ఆరేళ్లు సభ్యుల పుస్తకం రాసింది. బాప్తిస్మమైనా పెళ్లైనా ఆమె చేతిరాతలోకి రావాల్సిందే. ఎవరైనా చనిపోతే ఆ పేరు మీద ఎర్రసిరాతో గీత గీసేది. గీత కింద పేరు కనబడుతూనే ఉండేది.

పాస్టరుగారి మేనల్లుడు అనిల్ కుమార్ వచ్చి అదంతా కంప్యూటర్లోకి ఎక్కించాడు. చెదలు పట్టిందని పాత పుస్తకాన్ని తగలబెట్టించాడు. ఇందులో గీతలుండవు, చనిపోయినవాళ్లను డిలీట్ చేసేయమన్నాడు.

పోయిన నెల హన్నా భర్త బాలస్వామి చనిపోయాడు. ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన, ఆదరణ కూడిక అయ్యాక ఆయన పేరును ఆమే డిలీట్ చేసింది. వారం తిరక్కుండా కూతురు నిస్సీకి బాప్తిస్మం సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. కంప్యూటర్లో వెతికితే నిస్సీ లేదు. కొడుకు లేడు. హన్నా కూడా లేదు.

"ఇంటిపెద్దను తీసేస్తే ఆయన కిందున్న రికార్డులన్నీ ఆటోమేటిగ్గా పోతాయండీ. నేనే అలా పెట్టాను," అన్నాడు అనిల్, ఫోన్లోంచి తలెత్తకుండా. "చూసుకుని నొక్కాలి కదా ఆంటీ."

హన్నాకు ఒళ్లు మండింది. ఇరవై ఆరేళ్లలో ఒక్క పేరు పోగొట్టని మనిషికి నిన్నగాక మొన్న వచ్చినవాడు జాగ్రత్తలు చెబుతున్నాడు. ఆమె అదే సంఘంలో సభ్యుడైన అతని తండ్రి శామ్యూల్ రాజ్ పేరు తెరిచి, మౌస్‌ను డిలీట్ దగ్గరికి జరిపింది.

అనిల్ అప్పుడు తలెత్తాడు. "ఏం చేస్తున్నారండీ? మా నాన్న బతికే ఉన్నారు."

"తెలుసు బాబూ. ఆయన కింద నువ్వున్నావు. ఈసారి చూసుకునే నొక్కుతున్నాను."