వరద పోయినంక నా బిడ్డకు పట్టిన భయం

వాగు మా ఇండ్లల్లకు వచ్చిపోయి నెల దాటింది. బురద ఎత్తిపోసినం, గోడలకు సున్నం ఏసుకున్నం. గా పొద్దు జర మబ్బు పట్టింది. గప్పుడు తొమ్మిదో తరగతి సదివే మా రజిత బడికి తయారైన పిల్ల, ఆధార్ కార్డులు, రేషన్ కార్డు కవర్ల చుట్టుకొని వరద నాడు మేమెక్కిన పక్కింటి స్లాబ్ ఎక్కి కూసున్నది.

"దిగు బిడ్డా, చినుకు గూడ పడలే" అన్న. వినలే. చేతులు ముట్టుకుంటె ఐసు తీరు ఉన్నయి. పిల్లకు ఏదో అయిందని గప్పుడే నా పానం గుంజింది.

మాది బెల్లంపల్లి దిక్కు పల్లె. పత్తి ఏర కూలికి పోత. మా ఆయన పోయి ఆరేండ్లు, ఇంట్ల నేను, రజితనే.

అటెన్క రజిత అన్నం సరిగ తినలే. తలకు నీళ్లు పోసుకోలే. బడికి పోతె కడుపు నొస్తుందని సగం దినానికే తిరిగొచ్చేది. దవాఖానల బ్లడ్ టెస్ట్, స్కానింగ్ చేసిన్రు, అన్నీ నార్మల్ అన్నరు. మా ఆడిబిడ్డ వచ్చి "గాలి సోకింది వదినె, తాయెత్తు కట్టియ్యి" అన్నది. కట్టిచ్చిన. తాయెత్తుతోని నాకు ధైర్యం వచ్చింది, పిల్లకు రాలే.

గంతకంటె పెద్ద తప్పు బతుకమ్మ నాడు చేసిన. మొగుడు లేనిదాన్ని, నేను బతుకమ్మను వాగుకు మోస్తె మా వాడకట్టుల మొఖం తిప్పుకుంటరు. మా ఇంటి బతుకమ్మ ఆగొద్దని పిల్ల నెత్తికి ఎత్తిన.

"అవ్వా, నేను వాగుకు పోను."

"అందరు ఆడివిల్లలు పోతలేరా, నీకేం కొత్తనా" అని గదిరిచ్చిన.

నీళ్లు పాదానికి తగిలినయో లేదో, కట్టె తీరు బిగుసుకొని పడ్డది. బతుకమ్మ ఒడ్డు మీదనే చెదిరింది. పది మంది చూస్తాంటె నా బిడ్డను బుజానేసుకొని ఇంటికొచ్చిన.

తెల్లారి ఆశా వర్కరక్క మమ్ముల కరీంనగర్ పెద్ద దవాఖానల మనసు డాక్టరమ్మ దగ్గరికి తోలుకపోయింది. "మేడం, మీరు పిచ్చి డాక్టరా?" అని అడిగేసిన. ఆమె నవ్వి, "అట్లనే అంటరమ్మా, కూసో" అన్నది. అన్నీ ఇన్నది. "ఇది పిచ్చి కాదు, గాలి కాదు. పీటీఎస్డీ అంటం, పెద్ద ఆపద చూసినంక మనసుల పడ్డ భయం పోకుంట ఉండుడు. వరద చూసిన పిల్లలల్ల కొందరికి అయితది, నయమైతది" అన్నది. ట్యాబ్లెట్ రాసింది, వారం వారం కౌన్సెలింగుకు రమ్మన్నది.

మూడోసారికి రజిత నోరు విప్పింది. వాగు వచ్చిన పొద్దు మా బర్రెను గుంజకు కట్టేసింది తనే. విప్పేటంత టైం దొరకలే. "నేనేసిన ముడే దాన్ని సంపింది" అన్నది.

"కట్టెయ్యమన్నది నేను గదనే" అన్న. ఇద్దరం ఏడ్చినం. మేడం ఆపలే.

మేడం చెప్పినట్టు చేసుకుంట మెల్లగ తేరుకున్నది. మొదలు బకెట్ల చెయ్యి పెట్టుడు, అటెన్క తలస్నానం, అటెన్క దూరంకెల్లి వాగును చూసుడు. బాగైందని ట్యాబ్లెట్లు నేనే బంద్ చేపిచ్చిన. పది దినాలకు వాన పడ్డది, పిల్ల మళ్ల స్లాబ్ మీద. మేడం కోపానికొచ్చింది. "నన్ను అడగకుంట మాన్పియ్యకు. వాన రాదని ఉత్తగ గూడ చెప్పకు. వస్తె ఏడికి పోదామో ఇద్దరు మాట్లాడుకోండి" అన్నది. గట్లనే చేసినం.

ఇప్పుడు ఇంటర్ సదువుతాంది. మబ్బు పడితె చేతులు చల్లగైతయి, అయినా బస్సెక్కి పోతది. పోయిన వానకాలం వాగు మళ్ల పొంగితె మమ్ముల ఊరి బడిల ఉంచిన్రు. ఒక చిన్నపిల్ల మాట లేక మూలకు కూసున్నది. వాళ్లవ్వ "ఏం కాలే, మర్చిపో" అంటాంది. రజిత పోయి పక్కన కూసోని, "ఏం చూసినవే చెల్లె? నాకు చెప్పు, నేను గూడ చూసిన" అన్నది. జరసేపటికి గా పిల్ల వాళ్ల కోళ్లు ఎట్ల కొట్టుకపోయినయో ఒక్కొక్కటి చెప్పవట్టింది. నేను చూసుకుంట నిలవడ్డ.

నాకు సంతకం తప్ప రాయరాదు, ఇది నేను చెప్తాంటె రజితనే రాస్తాంది. "గీ చిన్నపిల్ల ముచ్చట వద్దవ్వా, సిగ్గైతది" అంటాంది. రాయమన్న. నా బిడ్డ గురించి నేను చెప్పుకోకుంటె ఎవ్వరు చెప్తరు?

నా తీరు కష్టపడేటోళ్లకు ఒక్క మాట. నీళ్లు దిగినంక ఇల్లు కడుక్కుంటనే పిల్లలను ఏం చూసిన్రో అడుగుండ్రి, చెప్తాంటె అడ్డం రాకుండ్రి. నెల దాటినా తిండి, నిద్ర, బడి సక్కగ లేకుంటె దవాఖానకు తోలుకపోండ్రి. ఊరోళ్లు ఏమంటరోనని ఆగకుండ్రి, నేను ఆగే నా పిల్ల వాగు ఒడ్డున కట్టె తీరు పడ్డది.