కోళ్ళ దొడ్డి, కమిటీ వద్దన్న వేప

పటాన్‌చెరు దాటాక సంగారెడ్డి రోడ్డు పక్కన మొదటి కార్ఖానాల గోడలు లేస్తున్న రోజుల్లో, నా భర్త ఒక చిన్న సంఘానికి ఉపదేశిగా ఉండేవారు. అందుకని ఊరందరికీ నేను అమ్మగారిని. ఆదివారం పిల్లలకు వాక్యం చెప్పేదాన్ని, బుధవారం స్త్రీల కూటం నడిపేదాన్ని, మిగిలిన రోజుల్లో ఎవరింట్లో ప్రార్థన మానేశారో గుర్తుపెట్టుకునేదాన్ని. ఈ మూడో పని నాకెవరూ అప్పగించలేదు.

ఒక ఏడాది మిషన్ వాళ్ళు మా స్త్రీల కూటానికి ముప్పై తెల్లకోళ్ళు ఇచ్చారు. గుడ్లు ఊళ్ళోని బాలింతలకు. చర్చి వెనక జాగాలో రేకుల కొట్టం వేసి, దాని ముందు జాలీ కట్టి దొడ్డి చేశాం. కోళ్ళను చూసుకోవడానికి ఒక అవ్వను పెట్టాం. ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు. మోకాళ్ళు వంగడం లేదని కలుపుకు పిలవడం కూడా మానేశారు. కోళ్ళను చూసినందుకు కూటం తరఫున నెలనెలా జొన్నలు ఇచ్చేవాళ్ళం. ఆ పని ఉన్నన్నాళ్ళే ఆమె పొయ్యి వెలుగుతుందని మా అందరికీ తెలుసు.

మొదటి ఎండాకాలమే మా కళ్ళు తెరిపించింది. మధ్యాహ్నం రేకు కింద కోళ్ళు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నచోటే ఒరిగిపోయేవి. బయటికి వస్తే గద్ద. నాటుకోడి అయితే గద్ద నీడ పడగానే కంపలో దూరుతుంది. ఇవి తలెత్తి, విమానాన్ని చూసినట్టు చూసేవి. నేను వాటి కోసం మూడు రోజులు ఉపవాసం ఉన్నాను. గద్ద మాత్రం ఉపవాసం లేదు. వానలు పడేసరికి పద్దెనిమిది మిగిలాయి.

"అమ్మగారూ, ప్రార్థన చేయుండ్రి, నేనొద్దంటనా?" అంది అవ్వ. "జెర చెట్లు గూడ పెట్టుండ్రి. నీడ ఉంటది. ఆకులు అడ్డముంటే గద్దకు కోడి కనవడది."

మాట సబబుగానే ఉంది. కానీ చర్చి జాగాలో చెట్టు పెట్టాలంటే కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ అంటే అయిదుగురు మగవాళ్ళు. వాళ్ళలో సంఘ పెద్ద ఒకప్పుడు పోలీసు జమేదారు. కూటాల్లో పుస్తకభాషే మాట్లాడేవాడు, ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడో ఆయన భార్యకే తెలియాలి. కమిటీ మా ముందరింట్లోనే కూర్చునేది. నా భర్త తీర్మానాలు రాసేవారు. నాకు లోపల చోటు లేదు కాబట్టి టీ గ్లాసులతో పాటు నా అభిప్రాయాన్ని కూడా ఆయన చేత పంపించేదాన్ని.

లేఖనంలో ఉన్న చెట్టునే నాటాలని మొదట తీర్మానం చేశారు. అంజూరం అన్నారు. అది శాపం తిన్న చెట్టు కదా అని ఒకాయన గుర్తుచేశాడు. ఒలీవ అన్నారు. దాన్ని ఎవరూ చూడలేదు. పొట్టి సుంకరి ప్రభువును చూడాలని ఎక్కిన మేడిచెట్టు బాగుంటుందని సంఘ పెద్ద అన్నాడు. "సుంకరి ఎక్కితే పిల్లి గూడ ఎక్కుతది గద పెద్దయ్యా" అన్నాడు ఇంకొకాయన. దాని మీద గంటసేపు చర్చ జరిగింది. వేప మాట ఎవరో ఎత్తగానే నేను రెండో విడత టీ పంపించాను. వేప పోచమ్మ చెట్టు, చర్చి జాగాలో దాని ఆకు కూడా రాలకూడదు. ఈ మాట స్త్రీల కూటంలో నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు.

చివరికి నీలగిరి ఖాయమైంది. సంఘ పెద్ద అల్లుడు కార్ఖానాలో తోటపని చూసేవాడు, మొక్కలు ఊరికే తెచ్చాడు. "ఈ వృక్షమునకు ఏ దేవతతోనూ సంబంధము లేదు. నీతిమంతునివలె నిటారుగా పెరుగును" అన్నాడు పెద్ద. కీర్తన పాడి పది మొక్కలు నాటాం. రెండేళ్ళలో కొట్టం ఎత్తు దాటాయి. నిజంగానే నీతిమంతుల్లా నిటారుగా పెరిగాయి. నీడ కూడా మా నీతిమంతులు పక్కవాళ్ళకు ఇచ్చేంతే ఇచ్చాయి. ఒక్కో చెట్టు కింద ఒక్కో తాడంత.

నీలగిరి నాటిన ఆ వానల్లోనే అవ్వ పడమటి వైపు, జాలీకి బారెడు దూరంలో, మునగ కొమ్మలు గుచ్చింది. మేకలు రాకుండా చుట్టూ తుమ్మకంప పేర్చింది.

"ఏందవ్వా ఇవి?" అన్నాను.

"మునగలమ్మా."

"దాని పక్కన?"

"దాని పక్కన ఇంకోటి."

వేప మొలకను గుర్తుపట్టలేని దాన్ని కాదు. కానీ చూశానని ఒప్పుకుంటే నేను కూటంలో చెప్పిన మాటలన్నీ అడ్డమొస్తాయి. అందుకని చూడలేదు.

రెండో ఎండాకాలం మునగ కాస్త ఆదుకుంది. మూడో ఎండాకాలానికి వేప మనిషి ఎత్తు దాటి జాలీ మీదికి గొడుగులా విచ్చుకుంది. ఆ ఏడు ఒక్క కోడి చావలేదు. సంగతి అంతటితో సాగిపోయేదే. కానీ ఒక ఉదయం చెట్టు మొదట్లో పసుపు, రెండు కుంకుమ బొట్లు కనిపించాయి.

ఆ రోజే కమిటీ కూర్చుంది. వచ్చే ఆదివారంలోగా అవ్వ ఆ చెట్టు పీకేయాలి, పీకకపోతే అవ్వను తీసేసి విశ్వాసంలో స్థిరమైన మరొకరిని పెట్టాలి అని తీర్మానం. నా భర్త రాశారు. అవ్వకు ఎవరు చెప్పాలని అడిగాను.

"నువ్వే చెప్పు. వేప వద్దని టీతో పంపింది నువ్వే గద" అన్నారాయన, కలం మూత పెడుతూ.

మధ్యాహ్నం వెళ్ళి చెప్పాను.

"పసుపు నేను రాయలే అమ్మగారూ. ఎవరో పోంగ పోంగ రాసిండ్రు."

"అయినా పీకాలంటుండ్రు."

"పసుపుకు కోడి సస్తదా? ఎండకు సస్తది." గడ్డపార తెచ్చి నా చేతికిచ్చింది. "నాకు చెయ్యి రాదు. మీరే పీకుండ్రి. నేను పీకలేదని నన్ను తీసేస్తే తీసేయనీ. జొన్నలు లేకుంటే ఏం తింటనో అది గూడ కమిటీల రాసుకోమనుండ్రి."

గడ్డపార పట్టుకుని దొడ్డి వెనక్కి వెళ్ళాను. వేప నీడ జాలీ దాటి లోపలికి పడుతోంది. కోళ్ళన్నీ అందులోనే కూర్చున్నాయి, నోళ్ళు మూసుకుని, కాళ్ళు మడుచుకుని. నీలగిరి వైపు ఒక్కటీ లేదు. పైన గద్ద రెండు చుట్లు తిరిగింది, కింద ఆకులే కనిపించాయేమో, చెరువు వైపు వెళ్ళిపోయింది. నేను ఆ నీడలోనే కూలబడ్డాను. ఎండకు తల తిరిగిందని ఇప్పటికీ చెప్పుకుంటాను.

మూడో దినాన దేవుడు చెట్లను చేశాడని ఎన్నో ఏళ్ళుగా పిల్లల చేత వల్లె వేయిస్తున్నాను. ఆయన వేప దగ్గర ఆగి, ఇది నాది కాదు అని పక్కన పెట్టినట్టు ఎక్కడా రాసి లేదు. దాన్ని పక్కన పెట్టింది నేను. ఆ పాపం ఆ నీడలోనే ఒప్పుకున్నాను. తర్వాత చెంబుతో నీళ్ళు తెచ్చి పసుపు కడిగాను.

కమిటీలో నాకు కుర్చీ లేదు. కానీ ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి ఎవరైనా లేవచ్చు. సాక్ష్యానికి మధ్యలో అడ్డుపడిన మనిషి మా సంఘంలో అప్పటికి పుట్టలేదు. లేచాను.

"రెండేళ్ళ కింద ఎండకూ గద్దకూ పన్నెండు కోళ్ళు పోయినయి. ఈ ఏడు ఒక్కటి పోలే. దేవుడు చర్చి వెనక ఒక చెట్టును లేపిండు. ఒక అవ్వ దానికి రోజూ నీళ్ళు పోసింది. ఆ నీడల పెట్టిన గుడ్లు తిన్న బాలింతలు ఇక్కడనే కూసున్నరు. ఆ చెట్టు కోసం, ఆ అవ్వ కోసం దేవునికి స్తోత్రం."

ముందు బాలింతలు అన్నారు, "స్తోత్రం!" ఆ వెనక ఆడవాళ్ళందరూ. సంఘ పెద్ద ముఖం ఎర్రబడింది. కానీ ముప్పై ఏళ్ళ అలవాటు, నోరు దానంతటదే తెరుచుకుంది. అందరికంటే ఆయన స్తోత్రమే గట్టిగా వినిపించింది. తాను స్తోత్రం చెప్పిన చెట్టును తానే ఎట్లా పీకిస్తాడు? తరువాతి కమిటీలో తీర్మానం మారింది. సంఘం ముందుచూపుతో నాటిన కోళ్ళ దొడ్డి చెట్టును యథాతథంగా ఉంచాలి, అవ్వే కొనసాగాలి. ఏం చెట్టో రాయవద్దని పెద్ద నా భర్తకు ప్రత్యేకంగా చెప్పాడట.

కమిటీ లేవగానే దొడ్డికి పరుగెత్తాను. అవ్వ కోళ్ళకు నీళ్ళు పెడుతోంది.

"అవ్వా! చెట్టు ఉంటది. నువ్వూ ఉంటవ్."

"దేవుడు సల్లగ సూడాలె అమ్మగారూ" అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మరుక్షణమే నవ్వింది. "చెట్టు ఉంటదని నాకు నిన్ననే ఎరుక."

"ఎట్ల?"

"పెద్దయ్య పెండ్లాం వచ్చి రెండు వేప మొలకలు తీస్కపోయింది. ఆమెకు గూడ కోళ్ళున్నయి గద. ఇంటెనక పెట్టిందట. పెద్దయ్యనే నీళ్ళు పోస్తుండట."