ఇరవై ప్రార్థనల గాలి

ఆ పొద్దున కూడా అన్ని పొద్దుల మాదిరిదే. నంద్యాలలో మా ఇంట్లో పాలు పొయ్యి మీద పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని బైబిలు తెరిచినాను. కిటికీ అవతల పక్కింటామె బిందెలు కడుగుతాంది. ఫోను మోగింది. ఆళ్లగడ్డ నుంచి మా చెల్లెలు.

"అక్కా, ముందు పొయ్యి ఆర్పి కూచో" అనింది.

ఆర్పినాను. కూచున్నాను. మా తమ్ముడు నిద్రలోనే వెళ్లిపోయినాడని అప్పుడు చెప్పింది.

వాడు కాలేజీ ఫిజిక్సు ల్యాబులో టెక్నీషియన్. శిరివెళ్ల చుట్టుపక్కల రైతులు బోరు నీళ్లు సీసాల్లో తెచ్చి వాని బల్ల మీద పెట్టిపోయేవాళ్లు. ఆ నీళ్లలో రేడియో ధార్మికత ఏమన్నా ఉందా అని చూసేది ఒక డిటెక్టర్. రూపాయి బిళ్లంత ఉంటుంది. ఉక్కు పెట్టెలో బిగించి, పెట్టెలోని గాలంతా పంపుతో లాగేస్తేనే పనిచేస్తుంది. "అది కన్నక్కా, రెప్పలేని కన్ను" అనేవాడు. వేలు తగిలినా, దుమ్ము పడినా, గాలి ఒక్కసారిగా కొట్టినా పాడైపోతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అట్లాంటిదొకటి పాడు చేసినాడు. ఆదివారం పని. ఆరాధనకు మొదటి గంట కొట్టినారు. పెట్టె తెరిచే ముందు లోపలికి గాలి మెల్లగా వదలాల్సింది, గబగబా గాలి వాల్వు తిప్పేసి చర్చికి పరిగెత్తుకొచ్చినాడు. మరుసటి రోజు చూస్తే బిళ్ల మీద పగులు. "దేవుడైతే ఆగేవాడక్కా. నేనే ఆగలేదు" అని ఎన్నిసార్లు అన్నాడో. ఆ తర్వాత ఇంట్లో సోడా సీసా మూత కూడా బుస్సుమనకుండా తీసేవాడు. పిల్లలు చుట్టూ చేరి పందెం కట్టేవాళ్లు.

రెండేండ్ల కిందట నంద్యాల ల్యాబు ఖాళీ చేయాల్సి వచ్చింది. సామానంతా ఆళ్లగడ్డకు. తమ్ముని కాపురం కూడా ఆడికే. బయటినుంచి వచ్చిన నిపుణుడొకాయన డిటెక్టర్ చూసి, "పాతది. విప్పితే పోతుంది. ఈడనే వదిలేయండి" అన్నాడు. పోతే ఇంకొకటి వచ్చే ఆశ లేదు. అది లేకపోతే ఆ సీసాల నీళ్లు చూసే దిక్కు లేదు. తమ్ముడు నా దగ్గరికి వచ్చినాడు.

"అక్కా, రేపు ల్యాబుకు రావాల. నీ ప్రార్థన కావాల."

"ఈన్నుంచే చేస్తాలేరా."

"ఆడికే రావాల. నీ అంత నిదానంగా పరలోక ప్రార్థన చేసేవాళ్లు నంద్యాలలో లేరు. చర్చిలో అందరూ ఆమేన్ అనేసరికి నువ్వింకా నడుమ 'అనుదినాహారం' కాడనే ఉంటావ్. నా చేతికి తొందరెక్కువ."

నవ్వుకుంటా పోయినాను.

వాడు ముందు డిటెక్టర్‌కు పోయే ఓల్టేజిని కొద్దికొద్దిగా సున్నాకు తెచ్చినాడు. పంపు నూనె పెట్టెలోకి రాకుండా ఆ పక్క వాల్వు మూసినాడు. తర్వాత గాలి వాల్వు మీద చెయ్యిపెట్టి, "ఊఁ, మొదలుపెట్టక్కా" అన్నాడు. నేనొక ప్రార్థన ముగిస్తే వాడు వెంట్రుకవాసి తిప్పుతాడు. మళ్లీ ప్రార్థన. మళ్లీ వెంట్రుకవాసి.

"అన్నా, పది నిమిషాల పనికి ఇంత భక్తా?" అన్నాడు అక్కడి లెక్చరర్.

"భక్తి అక్కది సార్. నాకది గడియారం."

నేను కళ్లు తెరవలేదు. ఇరవయ్యో ఆమేన్‌కు తెరిచి చూస్తే, పెట్టెలో గాలి ఎంతుందో చూపే మీటరు ముల్లు చివరికొచ్చి నిలిచింది. పెట్టె మూత చప్పుడు లేకుండా లేచింది.

బిళ్లను అంచు మాత్రమే పట్టి తీసి, దాని ముఖానికి మూత బిగించి, గాలి చొరని డబ్బాలో పెట్టినాడు. ఆ డబ్బాను బనగానపల్లె మామిడికాయల బుట్టలో వరిగడ్డి నడుమ కుదురుగా కూర్చోబెట్టినాడు. వ్యాను వద్దన్నాడు. బస్సులో ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్యన కుదుపు తక్కువంట. నడిమి సీటు పట్టి, బుట్ట ఒళ్లో పెట్టుకున్నాడు. పక్కన నేను, వెనక సీట్లో లెక్చరర్.

"ఏందన్నా, బిడ్డను ఎత్తుకున్నట్టు? కాయలా?" అన్నాడు కండక్టర్.

"కాయలు కాదప్పా, కన్ను. దీనికీ ఒక టికెట్ కొట్టు."

"కన్నుకా! హాఫా, ఫుల్లా?"

"నాకంటే బాగా చూస్తాది. ఫుల్లే కొట్టు."

బస్సంతా నవ్వింది. అక్కణ్నుంచి స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా డ్రైవరు ముందే కేకేసినాడు, "కన్నన్నా, పట్టుకో!"

ఆళ్లగడ్డలో దాన్ని బిగించి, నంద్యాలలో వాడిన పరీక్ష నమూనానే ఎదురుగా పెట్టి, పెట్టెలో గాలి పోయేదాకా కాచుకుని, ఓల్టేజి మెల్లగా ఎక్కించినాడు. డిటెక్టర్ చూసింది చూపించే తెర చాలాసేపు ఖాళీగానే ఉంది. లెక్చరర్ గోళ్లు కొరుకుతాండాడు. ఒక చుక్క పడింది. పక్కన ఇంకొకటి. కాసేపటికి చుక్కలన్నీ చేరి చర్చి శిఖరం మాదిరి సన్నగా లేచినాయి, నంద్యాలలో లేచే చోటనే.

"చూస్తాందక్కా! చూస్తాంది!"

యాభైకి దగ్గరపడిన మనిషి బల్ల చుట్టూ గంతులేసినాడు. లెక్చరర్ నా చేతులు పట్టుకుని, "అమ్మా, ఆ గడియారం నాకూ నేర్పించండి" అన్నాడు. ఆ వారమే కొత్త బల్ల మీద సీసాలు చేరినాయి. ఈ రోజుకీ చేరుతున్నాయి.

నా నిదానాన్ని చిన్నప్పటి నుంచీ అందరూ ఎగతాళి చేసినవాళ్లే. దానికొక పని చూపించినవాడు మా తమ్ముడొక్కడే. స్తోత్రం.

వాడు పోయిన సాయంత్రం ఆళ్లగడ్డలో వాని ఇంటి ముందర అందరం కూచున్నాం. మరుసటి రోజు సమాధి. మా మరదలు అడిగింది ఒకటే.

"పెట్టె దించేటప్పుడు తాళ్లు గబుక్కున వదలకుండా చూడొదినా."

"ఒక తాడు నేను పట్టుకుంటా" అన్నాడు లెక్చరర్. అప్పుడు అనుకున్నాం. తాళ్లు పట్టే నలుగురూ నా నోటినే చూస్తా ఉండాల. నేనొక ప్రార్థన ముగిస్తే బెత్తెడు తాడు వదలాల. మళ్లీ ప్రార్థన, మళ్లీ బెత్తెడు. ఎన్ని పడితే అన్ని. పెట్టె మన్నును తాకిన చప్పుడు ఎవరికీ వినపడకూడదు.