పిన్ని చెప్పే గ్రామరు

మా అమ్మాయి గ్రామరు పుస్తకం పట్టుకుని, వంటింట్లో ఉన్న నన్ను దాటుకుని, మా తోటికోడలి దగ్గరకి వెళ్లిపోయిన సాయంత్రం నాకింకా గుర్తే. అప్పుడది ఐదో తరగతి.

"ఏటే అది? నాకు సూపించు" అన్నాను.

"పార్ట్స్ ఆఫ్ స్పీచమ్మా. నీకు రాదులే, పిన్నికొస్తాది" అంది. పొగరుగా అనలేదు. అన్నం ఉడికిందని చెప్పినట్టు మామూలుగా అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

విజయనగరంలో మాది స్టీలు సామాన్ల కొట్టు. మావయ్యగారు, మా ఆయన, మరిది కలిసి చూసుకుంటారు. ఇల్లు కొట్టు వెనకాలే. నేను శ్రీకాకుళంలో డిగ్రీ చదివాను, అంతా తెలుగు మీడియమే. తోటికోడలిది గరివిడి. వాళ్ల నాన్నగారిది ఫ్యాక్టరీలో ఉద్యోగం, తను మొదట్నుంచీ ఇంగ్లీషు మీడియం. నాకన్నా బాగా చిన్నది, మంచిది. "అక్కా, అక్కా" అంటూ నా వెనకే తిరిగేది. చెడ్డదైనా బాగుండును, మా అమ్మకి ఫోన్ చేసి నాలుగు మాటలు చెప్పుకునేదాన్ని.

గదిలోంచి వాళ్ల మాటలు వినబడుతున్నాయి.

"తాత ఏటి?"

"నౌన్!"

"తాత కసిరాడు. కసిరాడు ఏటి?"

"వెర్బ్!"

"కోపం తాత అంటే, కోపం?"

"ఎడ్జెక్టివ్!"

ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు. నా కూతురు నా దగ్గర చదువుకుంటూ అలా నవ్విన రోజు ఒక్కటీ గుర్తు రాలేదు. ఆ పూట పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను. "ఏటమ్మా ఇది, సముద్రం తెచ్చి కాసావేటి?" అన్నారు అత్తయ్యగారు. తోటికోడలు మాత్రం వంక పెట్టకుండా తినేసింది. దానికీ ఒళ్లు మండింది నాకు.

మా వీధి చివర రిటైరైన ఇంగ్లీషు మేష్టారొకరు ఉన్నారు. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక ఆయన దగ్గరకి వెళ్లడం మొదలుపెట్టాను. ఇంట్లో ఎవరడిగినా, మేష్టారి భార్య దగ్గర కుట్లు నేర్చుకుంటున్నానని చెప్పాను.

"నీకు తెలుగు వ్యాకరణం వచ్చు కదమ్మా?" అన్నారాయన మొదటిరోజు.

"వచ్చు మేష్టారూ. నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ."

"మరింకేటి భయం? సగం వచ్చేసినట్టే. మనం గిన్నెలో అంటాం. 'లో' వెనకాల వస్తాది. వాళ్లకి 'ఇన్' ముందొస్తాది, అందుకే ప్రిపొజిషన్ అన్నారు. మాటని సూసి పేరు పెట్టీకు. వాక్యంలో అది ఏ పని సేస్తోందో సూడు."

ఆ మాట విన్నాక నాకు దారి దొరికినట్టయింది. గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ, కనబడిన ప్రతిదానికీ పేర్లు పెట్టుకునేదాన్ని. ఇంగ్లీషు మీద ప్రేమ పుట్టి కాదు. నా కూతురు తిరిగి నా దగ్గరకి రావాలి, అంతే.

కొన్నాళ్లకి తోటికోడలు పురిటికి గరివిడి వెళ్లింది. వెళ్లిన వారంలోనే మా అమ్మాయి స్కూలు నుంచి మొహం మాడ్చుకుని వచ్చింది.

"ఫాస్ట్ ట్రెయిన్‌లో 'ఫాస్ట్' ఎడ్జెక్టివని పిన్ని సెప్పింది. ఇక్కడ 'హి రన్స్ ఫాస్ట్'లో కూడా అదే రాసాను. టీచరు తప్పు కొట్టింది."

నేను చేతులు తుడుచుకుని పక్కన కూర్చున్నాను.

"ఫాస్ట్ ట్రెయిన్‌లో ఫాస్ట్ దేని గురించి సెప్తోంది?"

"ట్రెయిన్ గురించి."

"ట్రెయిన్ నౌను. మరి ఇక్కడ ఫాస్ట్ దేని గురించి? వాడా, వాడు పరిగెత్తడమా?"

"పరిగెత్తడం. అది వెర్బ్... అంటే ఇది ఎడ్వెర్బా?"

"అదే."

నా మొహంలోకి వింతగా చూసింది. "నీకెలా తెలుసమ్మా?" అంది. ఆ ఒక్క ప్రశ్నకి నా మధ్యాహ్నాలన్నీ ఫలించాయనుకున్నాను. అంతలోనే నా ఫోన్ అందుకుని పిన్నికి వీడియో కాల్ చేసింది, నేను చెప్పింది సరైనదో కాదో కనుక్కోడానికి.

మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉంది తోటికోడలు, మొహం ఉబ్బి, కళ్ల కింద నలుపెక్కి. అంతా విని, "మీ అమ్మ సెప్పిందే రైటు. నేనైతే ఇంత బాగా సెప్పలేను. అక్కా, ఎక్కడ నేర్చుకున్నావు?" అంది. నిజంగా సంతోషపడింది. నేను గెలిచానని చెప్పడానికి కూడా తనే కావాల్సి వచ్చిందే అని లోపల చిన్న మంట.

"పిన్నీ, నువ్వెప్పుడొస్తావు?" అని అడుగుతోంది మా అమ్మాయి.

తోటికోడలు బిడ్డతో తిరిగొచ్చింది. ఇప్పుడు గ్రామరుకి మా అమ్మాయి నా దగ్గరే కూర్చుంటోంది. మా అమ్మ అర్థమయ్యేలా చెప్తుందని స్నేహితులకి కూడా చెప్పిందట. కానీ కబుర్లన్నీ పిన్నికే. చంటిబిడ్డని ఒళ్లో వేసుకుని తోటికోడలు, పక్కన నా కూతురు, ఏవో గుసగుసలు. నేను గుమ్మంలోకి రాగానే "రా అక్కా" అని జరిగి చోటిస్తుంది. ఒక్కోసారి వెళ్లి కూర్చుంటాను. ఒక్కోసారి పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వచ్చేస్తాను.