దేవుడి గదిలో బూట్లు

కాంతం గారు దేవుడి గదిలో బూట్లు పెడుతున్నారన్న మాట శివరాత్రి రాకముందే కిచెనర్ ఊళ్లో ఉన్న మన తెలుగువాళ్లందరికీ తెలిసిపోయింది.

చూసింది ఇక్కడి మనవాళ్ల పండగ పనులన్నీ చూసే కనకదుర్గ గారు. కరివేపాకు ఇచ్చి వెళదామని కాంతం గారింటి పక్క తలుపు దగ్గరికి వెళ్లారట. తలుపు తీస్తే ఎదురుగా దేవుడి గది. గోడకి ఇత్తడి గంట వేలాడుతోంది. గంట కింద వరసగా బూట్లు! ఆవిడ కరివేపాకు ఇచ్చారో, చేతిలోనే పట్టుకుని వెనక్కి వచ్చేశారో కూడా గుర్తులేదట.

ఆ మాట ఇల్లిల్లూ తిరిగేసరికి ఇంకాస్త పెరిగింది. భర్త పోయాక ఆవిడకి దేవుడి మీద కోపం వచ్చిందని ఒకరన్నారు. బూట్ల షాపు వాళ్లతో ఏదో ఏర్పాటు ఉందని, అందుకే ప్రతి ఏడూ కొత్త స్టూడెంట్లను వెంటేసుకుని అక్కడికి వెళుతుందని ఇంకొకరన్నారు. వయసు మీద పడింది పాపం అని సరిపెట్టినవాళ్లు మంచివాళ్ల కింద లెక్క.

నేను అప్పుడు ఆ ఇంట్లోనే ఉండేదాన్ని. మా ఆయన చదువు కోసం వచ్చాడు, నేను ఆయన వెంట వచ్చాను. మాకు పైన ఒక గది అద్దెకిచ్చారు కాంతం గారు. నాది ఇంటర్ మధ్యలో ఆగిపోయిన చదువు. ఇంగ్లీషులో నోరు తిరగదు. అందుకని మా ఆయన కాలేజీకి వెళ్లాక ఆవిడ వంటింట్లో ఏదో ఒకటి తరుగుతూ, వచ్చేపోయేవాళ్లను చూస్తూ కూర్చునేదాన్ని. నేను చూసింది ఇది.

కాంతం గారిది అమలాపురం. ఇంజనీరు భర్తతో ఎప్పుడో వచ్చి, ఇక్కడి ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసి రిటైరయ్యారు. మనిషి సన్నం. మాట మాత్రం గట్టి. మడీ ఆచారం ఉన్న మనిషి. ఏ చలిలోనైనా పొద్దున్నే తలస్నానం చేసి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టి పూజకు కూర్చునేవారు. ఆ పూజ గది ఆవిడ భర్త తన చేతులతో కట్టింది. ఇల్లు వేడిచేసే యంత్రం గొట్టం దాని కిందుగానే వెళుతుంది. నేలలో ఉన్న చిన్న జాలీలోంచి వేడిగాలి వస్తుంది. తడి తలతో కూర్చునే భార్యకి చలి వేయకూడదని ఆయన ఇల్లంతా వెతికి ఆ చోటు ఎంచారట. ఆ ఇంటి మొత్తంలో అంత వెచ్చటి చోటు ఇంకోటి లేదు.

ఆ ఏడాది స్టూడెంట్లు విమానాల నిండా దిగారు. ఊళ్లో ఏ ఇంటి బేస్‌మెంట్, అంటే నేల కింది గది, చూసినా మనవాళ్లే. కాంతం గారి బేస్‌మెంట్‌లోకి ఇద్దరు వచ్చారు. చరితది సిద్దిపేట, దేవిశ్రీది అనంతపురం. ఇద్దరికీ కాలేజీ, పార్ట్‌టైమ్ పని. చరిత ఒక బ్రెడ్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌కి వెళ్లేది. తెల్లవారకముందే బస్‌స్టాప్‌కి నడిచి మొదటి బస్సు పట్టుకోవాలి. షిఫ్ట్ అంతా నిలబడే ఉండాలి.

మొదటి మంచు పడిన రోజు చరిత హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న బూట్లు వేసుకుని బయల్దేరింది. పైన బొచ్చు, పక్కన వెండిరంగు జిప్పు. చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. గేటు దాటకముందే జారి కూలబడింది. కాంతం గారు కిటికీలోంచి చూసి తలుపు తీశారు.

"దెబ్బ తగిలిందా?"

"లేదాంటీ."

"బూట్లు ఎవరు కొన్నారే?"

"మా అన్న కొనిచ్చిండు ఆంటీ. స్నో బూట్లే అని చెప్పిండ్రంట."

"మీ అన్న స్నో ఎక్కడ చూశాడు, ఫ్రిజ్‌లోనా?"

ఆ సాయంత్రమే ఆవిడ ఇద్దరినీ షాపుకి తీసుకెళ్లారు. సంచీ మోయడానికి నేనూ వెళ్లాను. పొద్దున వెళ్లకూడదట. రోజంతా తిరిగాక పాదం కాస్త పొంగుతుంది, బూట్లు ఆ పాదానికి సరిపోవాలి. తన ఇంటినుంచి దళసరి ఉన్ని మేజోళ్లు కూడా తెచ్చారు. షాపువాళ్లిచ్చే పల్చటి మేజోళ్లతో చూసుకుంటే ఇంటికొచ్చాక ఏడవాలని ఆవిడ లెక్క.

దేవిశ్రీ నిగనిగలాడే జత ఒకటి తీసింది. కాంతం గారు దాన్ని తిరగేసి అడుగుభాగాన్ని గోటితో నొక్కారు.

"ఇంత వెచ్చటి షాపులోనే ఇది రాయిలా ఉంది. బయట చలికి గాజు అవుతుంది. పెట్టేయ్."

"రంగు బాగుంది ఆంటీ."

"రంగు మీద నిలబడతావా?"

చరితకి ఆవిడ ఎంచిన జత నల్లగా, మొద్దుగా ఉంది. అడుగు మెత్తటి రబ్బరు, లోతైన గాట్లు. లేసుల కింది నాలుక రెండు పక్కలా పైదాకా కుట్టేసి ఉంది, మంచు లోపలికి దూరకుండా. లోపల ఉన్ని తొడుగు విడిగా బయటికి వస్తుంది. అన్నీ చూశాక ఆవిడ అసలు పరీక్ష పెట్టారు.

"ఇప్పుడు గొంతుక్కూర్చో."

"ఇక్కడనా ఆంటీ? అందరు చూస్తుండ్రు."

"చూడనీ. వాళ్లకి రాని విద్య, నేర్చుకుంటారు."

చరిత సిగ్గుపడుతూనే షాపు మధ్యలో గొంతుక్కూర్చుంది. కాంతం గారు పక్కనే మోకాళ్ల మీద వంగి, మడమ లేస్తోందేమో వేలు పెట్టి చూశారు. తర్వాత బూటు ముందు భాగం నొక్కి చూశారు.

"వేళ్లు ఆడించు. ఆడుతున్నాయా? బిగుతుగా ఉంటే రక్తం తిరగదు, ఎంత ఉన్ని ఉన్నా లాభం లేదు. వదులుగా ఉంటే మంచులో బూటు ఉండిపోతుంది, నువ్వు ముందుకెళ్లిపోతావు."

సేల్స్ అమ్మాయి నవ్వుతూ చూస్తోంది. ఆ తర్వాత ఇంకో ముసలాయన బూట్లు తొడుక్కుంటుంటే, ఆ అమ్మాయి ఆయన్ని కూడా వంగి కూర్చోమని చేత్తో చూపించడం నేను చూశాను. షాపు వాళ్లతో కాంతం గారికున్న ఏర్పాటు ఏదైనా ఉంటే అదే.

ఆ బూట్లతో చరిత మళ్లీ జారలేదు. కానీ సంక్రాంతి వెళ్లాక అసలు చలి వచ్చింది. పీల్చిన గాలికి ముక్కులోపల గీరినట్టుండే చలి. ఒకరోజు మధ్యాహ్నం చరిత ముందుగానే ఇంటికి వచ్చేసింది. వంటింట్లో కుర్చీ మీద కూర్చుని మేజోళ్లు విప్పింది. రెండు పాదాల వేళ్లూ ఎర్రగా కమిలి ఉబ్బిపోయాయి. చిటికెనవేళ్లు తెల్లగా, మైనంలా ఉన్నాయి.

"నిలవడలేక లైన్‌లో కూసున్న ఆంటీ. సూపర్‌వైజర్ చూసిండు. మళ్ల ఇట్లయితే నీ షిఫ్ట్ వేరేటోళ్లకు ఇస్త అన్నడు." విప్పిన మేజోళ్లు ఒళ్లో పెట్టుకుని నలుపుతోంది. "ఈ పని పోతే నేను ఈడ ఉండలేను. ఇంట్ల ఏం చెప్పాలె?"

కాంతం గారు గోరువెచ్చటి నీళ్లు తెచ్చి, మోచేతితో వేడి చూసి, ఆ పాదాలు అందులో పెట్టించారు. కాళ్లు తుడిచాక చిటికెనవేళ్లను ఒక్కొక్కటే పట్టుకుని రంగు తిరిగి వస్తోందా అని చాలాసేపు చూశారు. వచ్చింది.

"ఇంకోసారి ఇలా అయితే రాకపోవచ్చు," అన్నారు. "పని సంగతి తర్వాత. ముందు వేళ్లు పోతాయి." తడి గుడ్డ పిండుతూ, "నేను ఎంచిన బూట్లు ఇలా చెయ్యకూడదే," అనుకున్నారు, తనలో తానే.

ఆ రాత్రంతా ఆవిడకి నిద్రలేదని మొహం చూస్తే తెలిసింది. మర్నాడు పొద్దున చరిత షిఫ్ట్‌కి బయల్దేరే వేళకి ఆవిడ శాలువా కప్పుకుని పక్క తలుపు దగ్గర నిలబడ్డారు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని వెనకే ఉన్నాను. చరిత మేజోళ్లతో మెట్లెక్కి వచ్చి, పక్క తలుపు తెరిచి, బయటికి చెయ్యి చాచి బూట్లు అందుకుంది. మెట్టు మీద, మంచులో ఉన్నాయవి. కాంతం గారు ఒక బూటు లాక్కుని లోపల చెయ్యి పెట్టారు. నిన్నటి చెమట తడి లోపలే గడ్డకట్టి ఉంది. తొడుగు అట్టలా బిర్రబిగిసింది.

"రాత్రంతా బయటే పెట్టావా?"

చరితకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

"చెప్పులు బయటనే కదా ఆంటీ ఇడిసేది?"

కింద నుంచి దేవిశ్రీ కూడా వచ్చింది. తనవీ అక్కడే ఉన్నాయి. "మేమిద్దరం రోజూ ఇక్కడే విడుస్తాం ఆంటీ. మంచు దులిపే వేసుకుంటాం," అంది, పద్ధతిగానే చేస్తున్నాం కదా అన్నట్టు.

"లోపల పెట్టుకోవాలి కదే?"

"ఎక్కడ పెట్టాలి ఆంటీ? మెట్లు దిగగానే మా దేవుడి పటం ఉంది. ఉన్నది ఒకటే గది. ఈ పక్కనేమో మీ పూజ గది."

అదీ నిజమే. పక్క తలుపు తీస్తే ఒక మనిషి నిలబడేంత చోటు. అటు బేస్‌మెంట్ మెట్లు, ఇటు పూజ గది. బూట్లు లోపలికి రావాలంటే ఏదో ఒక దేవుడి ముందుకే రావాలి. ఆవిడ బూట్లేమో ముందు తలుపు దగ్గర అల్మారాలో ఉంటాయి కాబట్టి ఇన్నేళ్లుగా ఆవిడకి ఆ ఆలోచనే రాలేదు. మనవాళ్లకి చెప్పులు గుమ్మం బయట ఉండటం ఎంత సహజమంటే, అది చెప్పాల్సిన విషయమని ఎవరికీ తోచదు.

కాంతం గారు బూటు చేతిలో పట్టుకుని పూజ గది వైపు చూశారు. తర్వాత తన బూట్లు తెచ్చి చరితకి ఇచ్చారు.

"ఇవాళ్టికి నావి వేసుకెళ్లు. కాస్త పెద్దవి, ఇంకో జత మేజోళ్లు తొడుక్కో. రేపటినుంచి మీ బూట్లు ఈ గదిలో ఆరతాయి."

"వద్దాంటీ, పాపం తగుల్తది!" అంది చరిత.

"తగిలితే నాకు తగులుతుంది. బస్సు వెళ్లిపోతుంది, నడు."

మర్నాటినుంచి రెండు జతలూ ఆ గదిలో, జాలీ పక్కన, తొడుగులు బయటికి తీసి ఆరబెట్టి ఉండేవి. పొద్దున చరిత కాలు పెట్టేసరికి లోపల అప్పుడే దించిన గిన్నెలా వెచ్చగా ఉండేదట. వారం తిరిగేసరికి వేళ్ల ఎరుపు తగ్గింది. షిఫ్ట్ పోలేదు. చలికాలం అయ్యేలోపు సూపర్‌వైజర్ కొత్తవాళ్లకి పని చూపించమని ఆ పిల్లకే అప్పజెప్పాడు. సంగతి తెలిసి ఆ వీధిలో ఉండే మిగతా స్టూడెంట్లు కూడా సాయంత్రం తడి బూట్లతో వచ్చి, పొద్దున పొడి బూట్లతో వెళ్లడం మొదలుపెట్టారు. కనకదుర్గ గారు కరివేపాకుతో వచ్చేసరికి ఆ గది నిండా బూట్లే.

శివరాత్రి పనుల గురించి మాట్లాడుకోవడానికి, మనవాళ్లు పండగలకి తీసుకునే హాల్లో ఆడవాళ్లు కలిశారు. ఏటా ప్రసాదం పులిహోర కాంతం గారిదే. కనకదుర్గ గారు గొంతు సవరించుకున్నారు.

"కాంతం గారూ, తప్పుగా అనుకోకండి. మీ పూజ గదిలో బూట్లున్నాయంటున్నారు. నిజమేనా?"

"నిజమేనండి. తొడుగులు విడిగా ఆరబెట్టాలి. లేకపోతే తడి పోదు."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"అయితే ఈసారికి పులిహోర మేం చూసుకుంటాం లెండి," అన్నారు కనకదుర్గ గారు, నెమ్మదిగానే.

కాంతం గారి చెయ్యి చీర కొంగు మీద ఒకసారి ఆగింది. "అలాగే. పెద్ద గిన్నెలు మా ఇంట్లో ఉన్నాయి, పంపిస్తాను," అన్నారు.

ఇంతే. ఇంకేమీ చెప్పలేదు. కారెక్కాక, "చింతపండు ముందురోజే నానబెట్టమని చెప్పవలసింది," అన్నారు నాతో.

చెప్పదలుచుకుంటే చెప్పడానికి ఆవిడ దగ్గర జవాబు ఉంది. చరితకి తన బూట్లిచ్చి పంపిన ఆ రోజే, ఆవిడ మళ్లీ తలస్నానం చేసి వచ్చి నన్ను పిలిచారు. శివలింగాన్ని పళ్లెంలో పెట్టుకుని ఆవిడ ముందు నడిచారు. పటాలు, దీపపు కుందులు, పీట పట్టుకుని నేను వెనక నడిచాను. గంట కూడా తీద్దామని చూశాం కానీ, వాళ్లాయన గంటతో కలిపి బిగించిన కొక్కెం గోడలోంచి రాలేదు. అది అక్కడే వదిలేశాం. ఇంటి ముందు అద్దాల వరండాలో, మూలగా పీట వేశాం. అక్కడ వేడిగాలి జాలీ లేదు. అద్దాల లోపలివైపు కూడా మంచు పేరుకుని ఉంది. పీట కడిగిన నీళ్లు తుడిచేలోపే గడ్డకట్టాయి.

"ఇక్కడ మరీ చలి కదాంటీ," అన్నాను.

"ఆయనుండేది కైలాసంలోనే. మంచు ఆయనకి కొత్తా?" అని నవ్వి, పీట మీద లింగాన్ని సర్దారు.

కనకదుర్గ గారు చూసిన గదిలో గంట, బూట్లు మాత్రమే ఉన్నాయి. దేవుడు వరండాలో ఉన్నాడు. కాంతం గారు ఆ చలికాలమంతా పొద్దున్నే తడి జుట్టుతో అక్కడే కూర్చుని పూజ చేసుకున్నారు.